చట్టాన్ని బొమ్మగా కాదు, అక్షరాలుగా ఇవ్వండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారాలు.

2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం పంట రుణమాఫీ మార్గదర్శకాలను తెలుగులో జారీ చేసింది. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవోలను ఇంగ్లిషుతో పాటు తెలుగులోనూ ఇవ్వడం మొదలుపెట్టింది. 1966 నాటి అధికార భాషా చట్టం తెలుగును రాష్ట్ర అధికార భాషగా ప్రకటించిన ఇన్నేళ్లకు, తన అప్పు మాఫీ అవుతుందో లేదో తేల్చే ఉత్తర్వును రైతు తానే చదువుకోగలిగాడంటే అది చిన్న విషయం కాదు. అందుకు రెండు ప్రభుత్వాలకూ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు చెప్పుకొని, ఆ తెలుగు ఉత్తర్వుల గురించే ఒక ఫిర్యాదును, ఒక విన్నపాన్ని మీ ముందుంచుతున్నాను. తెలుగులో వెలువడుతున్న చట్టాలు, నియమాలు, జీవోలు, గెజెట్లు చాలావరకు కంప్యూటరు చదవగలిగే అక్షరాలుగా ఉండడం లేదు, అక్షరాల బొమ్మలుగా ఉంటున్నాయి. వాటిని అక్షరాలుగానే, అంటే ప్రతి భాషలోని అక్షరానికీ అన్ని కంప్యూటర్లూ గుర్తించే ఒకే సంకేతమిచ్చే యూనికోడ్ టెక్స్ట్‌గా ప్రచురించాలన్నది నా విన్నపం.

ఒక ఉత్తర్వు ప్రజల దగ్గరకు ఏ దారిన వస్తోందో మీకు తెలియనిది కాదు. సెక్షన్‌లో కంప్యూటరు మీద టైపు చేస్తారు. ప్రింటు తీస్తారు. అధికారి సంతకం, ఆఫీసు ముద్ర పడ్డాక ఆ కాగితాన్ని స్కానరులో పెట్టి, పీడీఎఫ్ చేసి వెబ్‌సైటులోకి ఎక్కిస్తారు. కంప్యూటరులో అక్షరాలుగా పుట్టిన ఉత్తర్వు కాగితం మీదుగా తిరిగి కంప్యూటరులోకి వచ్చేసరికి ఫోటో అయిపోతుంది, అదీ ఒక్కోసారి వంకరగా, ఒక్కోసారి అడుగు పంక్తి తెగిపోయి. స్కాన్ చేయని పీడీఎఫ్‌లలోనూ చాలావాటిని 'అను' అనే డీటీపీ సాఫ్ట్‌వేర్ ఫాంట్లతో కంపోజు చేస్తారు. ఈ ఫాంట్లలో తెలుగు అక్షరం తెరమీద, కాగితం మీద మాత్రమే తెలుగు. ఫైలు లోపల ఉన్నది రోమన్ అక్షరాలకు కేటాయించిన సంకేతం. అందుకే ఆ పీడీఎఫ్‌లోంచి ఒక పేరా కాపీ చేసి మరోచోట అతికిస్తే రోమన్ అక్షరాలు, డాలరు గుర్తులు, బ్రాకెట్లు కలగలిసిపోయి అర్థంలేని వరుస వస్తుంది. సెర్చ్‌లో 'పట్టాదారు' అని కొడితే, ఆ మాట పేజీలో కళ్లెదుటే కనిపిస్తున్నా, ఏమీ దొరకలేదంటుంది.

అను ఫాంట్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. యూనికోడ్ తెలుగు చాలా కంప్యూటర్లలో సరిగా కనిపించని రోజుల్లో మన డీటీపీ సెంటర్లకు, ప్రెస్సులకు, పత్రికలకు అవే దిక్కయ్యాయి. ఆ మేలు మరవకూడదు. కానీ అవి అచ్చు కోసం పుట్టినవి. అచ్చయ్యాక కాగితాన్ని మనిషి చదువుతాడు కాబట్టి ఫైలు లోపల ఏ సంకేతం ఉన్నా ఎవరికీ నష్టం లేదు. చట్టాన్ని ఈ రోజు ఎవరూ కాగితం మీద వెతకడం లేదు. అందరూ వెతికేది ఫోనులోనే. అక్కడ తెలుగు దొరక్కపోతే ఇంగ్లిషు ప్రతిని చూస్తారు, అదీ అర్థం కాకపోతే ఎవరో వాట్సాప్‌లో పెట్టిన మాటను నమ్ముతారు.

నేను చాలాకాలంగా రైతులకు, పింఛనుదారులకు అర్జీలు, సమాచార హక్కు దరఖాస్తులు రాసిపెడుతున్నాను. నియమాన్ని ఉన్నది ఉన్నట్టు ఎత్తిరాసినప్పుడే అర్జీకి బలం. 'ఫలానా జీవో ప్రకారం' అని రాస్తే చాలదు, ఆ జీవోలోని ఆ వాక్యం అర్జీలో కనిపించాలి. బొమ్మలోంచి ఆ వాక్యాన్ని తీయాలంటే రెండే దారులు: చూసి మళ్లీ టైపు చేసుకోవడం, లేదా బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌కు అప్పగించడం. ఓసీఆర్ మునుపటికన్నా ఎంతో మెరుగైంది, ఒప్పుకుంటాను. కానీ తెలుగు లిపిలో ప, వ, స, ష ఒకదానికొకటి దగ్గర; మ, య దగ్గర; ఒత్తు మసకగా పడితే మాటే మారిపోతుంది. తెలంగాణ పహాణీల్లో ఒక సర్వే నంబరు అన్నదమ్ముల మధ్య పంచుకున్నప్పుడు 127/అ, 127/ఆ, 127/ఇ అంటూ విడిపోతుంది. అకారానికీ ఆకారానికీ మధ్య తేడా చివర్లో ఒక చిన్న మెలిక. స్కాన్‌లో ఆ మెలిక చెరిగితే అన్న భూమి తమ్ముడి పేరిట చదువుతుంది. చుట్టూ ఉన్న మాటలను బట్టి తప్పును దిద్దుకునే వీలు కూడా అక్కడ యంత్రానికి లేదు, ఎందుకంటే రెండూ సరైన సర్వే నంబర్లే.

చూపులేనివారి కష్టం ఇంతకన్నా పెద్దది. ఒక ఉపాధ్యాయుడు బదిలీల మార్గదర్శకాలను, తెరమీది అక్షరాలు చదివి వినిపించే తన స్క్రీన్ రీడర్‌తో తెరిచినప్పుడు నేను పక్కనే ఉన్నాను. అది పేజీ సంఖ్య చెప్పి ఆగిపోయింది. ఆ పేజీల్లోనే, చూపులేని ఉద్యోగులకు ఏ ప్రాధాన్యం ఇస్తారో రాసి ఉంది. ఆయన కోసమే రాసిన నియమాన్ని ఆయన చదువుకోలేకపోయారు. మేము చదివి వినిపించాల్సి వచ్చింది. ఆయన ఫోనులో తెలుగు గొంతు ఉంది, రోజూ తెలుగు వార్తలు వింటారు. లోపం ఆ ఫోనులో లేదు, ప్రభుత్వం పెట్టిన ఫైలులో ఉంది.

చట్టాన్ని ప్రకటించడం అంటే ఏమిటో మన సుప్రీంకోర్టు తొలినాళ్లలోనే చెప్పింది. 1923లో జైపూర్ సంస్థానంలో మంత్రుల మండలి ఒక తీర్మానం చేసి నల్లమందు చట్టం తెచ్చింది. దాన్ని గెజెట్‌లో వేయలేదు, మరే విధంగానూ ప్రజలకు తెలియజేయలేదు. ఆ చట్టం కింద 50 రూపాయల జరిమానా పడిన హర్లా అనే వ్యక్తి అప్పీలు 1951లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. తెలుసుకునే దారే లేని చట్టం కింద మనిషిని శిక్షించడం సహజ న్యాయానికి విరుద్ధమని, ఏదో ఒక తగిన పద్ధతిలో ప్రకటించనిదే చట్టం అమల్లోకి రాదని జస్టిస్ వివియన్ బోస్ రాసిన తీర్పులో కోర్టు చెప్పి శిక్షను కొట్టివేసింది. స్కాన్ చేసిన జీవో చెల్లదని నేను అనడం లేదు. అలా వాదించే న్యాయవాది ఎవరైనా ఉంటే ఆయన ఓడిపోతాడు. నేనంటున్నది, ఆ తీర్పు వెనకున్న విచక్షణను నేటి పరిస్థితికి వర్తింపజేయండని. ఆ రోజుల్లో ప్రకటన అంటే గెజెట్‌లో అచ్చు, గ్రామంలో దండోరా. ఈ రోజు వెతికితే దొరకనిది, వినబోతే వినిపించనిది, ఎత్తిరాయబోతే చెదిరిపోయేది, సైటులో ఎక్కడో ఉన్నంత మాత్రాన ప్రజలకు తెలిసినట్టేనా?

ఈ లోటు ఎంత నష్టం చేస్తుందో 2024 ఎన్నికల్లో చూశాం. 2023 అక్టోబరు 31 నుంచి అమల్లోకి వచ్చిన ఆంధ్రప్రదేశ్ ల్యాండ్ టైట్లింగ్ చట్టం మీద నెలల తరబడి వాదోపవాదాలు నడిచాయి. టైటిల్ రిజిస్ట్రేషన్ అధికారిగా ఎవరిని నియమించవచ్చు, భూ వివాదం వస్తే సివిల్ కోర్టుకు వెళ్లే దారి మూసుకుపోతుందా, అప్పీలు నేరుగా హైకోర్టుకేనా అన్నవి ప్రశ్నలు. ఇవన్నీ ఆ చట్టంలోని సెక్షన్లను చదివితే జవాబు దొరికే ప్రశ్నలే. జవాబు చదివాక కూడా చట్టం మంచిదా చెడ్డదా అన్న విభేదం ఉంటుంది, ఉండాలి కూడా. కానీ నేను చూసిన మేరకు ఆ చర్చలో ఎక్కువ భాగం ఇంగ్లిషు పీడీఎఫ్ పేజీల స్క్రీన్‌షాట్ల మీద, వాటికి తలా ఒకరు చెప్పిన తాత్పర్యాల మీద నడిచింది. ఒకరు సగం సెక్షన్ పెడితే ఇంకొకరు మిగతా సగం పెట్టారు. తన భూమి ఉంటుందా పోతుందా అని భయపడిన మనిషికి ఆ సెక్షన్‌ను తెలుగులో తెరిచి, మొత్తం చూపించి, 'మీరే చదువుకోండి' అనే వీలు లేకపోయింది. ఆ ఏడాది జూలైలో శాసనసభ ఆ చట్టాన్ని రద్దుచేసింది. ఆ తర్వాత తెలంగాణలో 2025 ఏప్రిల్ 14న భూభారతి చట్టం అమల్లోకి వచ్చింది. భూమి చట్టాలు మారుతూనే ఉంటాయి. ప్రతిసారీ జనం ఇలాగే వదంతుల మధ్య నిలబడాలా?

కొత్త చట్టమేమీ చేయమని అడగడం లేదు. ఉన్నవాటిని పాటిస్తే చాలు. సమాచార హక్కు చట్టం, 2005లోని 4వ సెక్షన్ రికార్డులను సూచికలతో, కంప్యూటరీకరించి ఉంచాలంటుంది. అదే సెక్షన్‌లోని 4వ ఉపసెక్షన్ సమాచారాన్ని వెల్లడించేటప్పుడు స్థానిక భాషను దృష్టిలో పెట్టుకోవాలంటుంది. బొమ్మకు సూచిక ఎలా తయారవుతుంది? వికలాంగుల హక్కుల చట్టం, 2016 కింద 2017లో వచ్చిన నియమాల్లో 15వ నియమం, వెబ్‌సైట్లలో పెట్టే పత్రాలు ఈ-పుస్తకాలకు వాడే ఈపబ్ రూపంలోగానీ, ఓసీఆర్ చేసిన పీడీఎఫ్ రూపంలోగానీ ఉండాలని చెబుతోంది. రాజీవ్ రాటూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, ఈ నియమం సలహాలా మిగిలిపోవడం మూల చట్టానికే విరుద్ధమని, తప్పక పాటించాల్సిన ప్రమాణాలను మూడు నెలల్లో రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో కోర్టుకు నివేదిక ఇచ్చింది మన హైదరాబాదు శివార్లలోని నల్సార్ విశ్వవిద్యాలయం వారి వికలాంగుల అధ్యయన కేంద్రమే. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో డిజిటల్ సేవలను అందుకోగలగడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని అదే కోర్టు చెప్పింది.

ఇక సాంకేతిక ప్రమాణం సంగతి. రాజ్యాంగం గుర్తించిన భారతీయ భాషలన్నిటికీ యూనికోడే ప్రమాణమని కేంద్ర ప్రభుత్వం 2009 నవంబరులోనే ప్రకటించింది. తమిళనాడు 2010లో తన ప్రమాణాలను జీవో ద్వారా ఖరారు చేసుకుంది. మనమూ వెనకబడి ఉండలేదు. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి సంచికలోనే తెలుగుకు 128 స్థానాల గడి దక్కింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ ప్రమాణాన్ని నిర్వహించే యూనికోడ్ కన్సార్టియంలో సభ్యత్వం తీసుకుంది. ప్రవాస తెలుగువారి సంస్థ సిలికానాంధ్రతో కలిసి గిడుగు, గురజాడ, సూరన్న, సురవరం, మండలి వంటి పేర్లతో యూనికోడ్ ఫాంట్లను ఎవరైనా ఉచితంగా వాడుకునేలా విడుదల చేసింది. గిడుగు రామమూర్తి పేరు, సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకున్న ఆ ఫాంట్లతో పెళ్లి పత్రికలు అచ్చవుతున్నాయి, సినిమా పోస్టర్లు వస్తున్నాయి. వాటిని తెచ్చిన ప్రభుత్వాల గెజెట్లలోనే అవి అరుదుగా కనిపించడం నాకు బాధ కలిగిస్తుంది.

మీ కార్యాలయాల్లో ఈ మాట ఎత్తినప్పుడు వినిపించే అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది, టెక్స్ట్‌గా పెడితే ఎవరైనా మార్చేసి దొంగ జీవోలు తిప్పుతారన్నది. దొంగ జీవోల బెడద నిజమే. కానీ ఈ రోజు తిరుగుతున్న దొంగ జీవోలన్నీ బొమ్మలే కదా. సంతకం, ముద్ర ఉన్న కాగితం ఫోటోను మార్చడానికి ఫోనులో ఒక ఉచిత యాప్ చాలు. అసలుకూ నకిలీకీ తేడా తేల్చేది డిజిటల్ సంతకం. సమాచార సాంకేతిక చట్టం, 2000 దానికి చట్టబద్ధత ఇచ్చింది. అదే చట్టంలోని 8వ సెక్షన్ ఎలక్ట్రానిక్ గెజెట్‌నూ గుర్తించింది. ఈ-ఆఫీసులో ఫైలు నడుస్తున్నప్పుడు ప్రింటు తీసి, మళ్లీ స్కాన్ చేసే అవసరమే లేదు. అధికారి అక్కడే డిజిటల్ సంతకం చేస్తే ఆ పత్రంలో ఒక్క అక్షరం మారినా సాఫ్ట్‌వేర్ పట్టేస్తుంది. అంటే భద్రత కోసమని మీరు ఎంచుకున్న పద్ధతే రెండింటిలో బలహీనమైనది.

రెండోది సిబ్బంది అలవాటు. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఏళ్ల తరబడి ఒక కీబోర్డు మీద వేళ్లు పరిగెత్తిన మనిషిని రేపటి నుంచి ఇంకో వరుసలో కొట్టమంటే పని కుంటుపడుతుంది, తప్పులు దొర్లుతాయి, మాట పడేది ఆ చిన్న ఉద్యోగే. అయితే అను వాడేవారికి అలవాటైన ఆపిల్, మాడ్యులర్ కీబోర్డు వరుసలతోనే నేరుగా యూనికోడ్ టైపు చేసే సాధనాలు చాలాకాలంగా ఉన్నాయి. వేళ్లకు కొత్త అలవాటు అక్కర్లేదు. వాటిని అధికారికంగా ప్రతి సీటులో పెట్టించి, కొద్దిపాటి శిక్షణ ఇప్పిస్తే చాలు. ఒక హెచ్చరిక మాత్రం చేయాలి: యూనికోడ్‌లో టైపు చేసిన తెలుగును కూడా కొన్ని సాఫ్ట్‌వేర్లు పీడీఎఫ్‌గా మార్చేటప్పుడు ఒత్తులను, గుణింతాలను చెదరగొడతాయి, చూడటానికి బాగుంటుంది, కాపీ చేస్తే తప్పులు వస్తాయి. అందుకే సంతకం చేసిన పీడీఎఫ్‌తో పాటు అదే పాఠాన్ని మామూలు వెబ్ పేజీగా కూడా పెట్టాలని అడుగుతున్నాను.

మూడో అభ్యంతరం కొత్తది, ఇప్పుడు గట్టిగా వినిపిస్తున్నదీ అదే: కృత్రిమ మేధ వచ్చేసింది కదా, బొమ్మను అదే చదువుతుంది, ఇంగ్లిషును అదే తెలుగు చేస్తుంది, ఇక మనం ఇంత శ్రమ పడటం ఎందుకని. నాకు ఈ సాంకేతికత మీద వ్యతిరేకత లేదు. సుప్రీంకోర్టు 2019లోనే సువాస్ అనే అనువాద సాఫ్ట్‌వేర్‌ను తెచ్చుకుంది. 2023 జనవరి 26న ప్రాంతీయ భాషల్లో తీర్పులను ప్రజలకు విడుదల చేసినప్పుడు అందులో తెలుగు తీర్పులూ ఉన్నాయి. అదే ఏడాది జూన్‌లో తెలంగాణ హైకోర్టులో జస్టిస్ నవీన్‌రావు, జస్టిస్ నగేష్ భీమపాక ధర్మాసనం ఒక భూ వివాదంలో తెలుగులో తీర్పు ఇచ్చింది. కేంద్రం 2022లో భారతీయ భాషల అనువాద వేదిక భాషిణిని మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్ 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లో ప్రభుత్వ సేవలను తెచ్చింది. ఇవన్నీ రావాల్సినవే. అయితే ఈ యంత్రాలు తెలుగు నేర్చుకునేది తమకు దొరికిన తెలుగు పాఠాల నుంచే. ఎన్నో ఏళ్లుగా మన రెవెన్యూ, పంచాయతీరాజ్, న్యాయ శాఖల అనువాదకులు కూర్చిన పదజాలం, తహశీలు కచేరీల్లో వాడి వాడి స్థిరపడిన మాటలు అన్నీ బొమ్మల్లోనూ, అను ఫైళ్లలోనూ బందీలై ఉంటే, యంత్రం వాటిని చూడనే చూడదు. అది నేర్చుకునేది సినిమా కబుర్ల తెలుగు, అనువాద ప్రకటనల తెలుగు. ఆ తెలుగులో 'దఖలు', 'అడంగల్', 'ఆసామీ షిక్మీ' ఉండవు. ఆ యంత్రాన్నే రేపు మీరు రైతు ప్రశ్నకు జవాబు చెప్పమని కూర్చోబెడతారు.

యంత్రం చేసిన అనువాదం తప్పయితే బాధ్యత ఎవరిదన్నది ఇంకా పెద్ద ప్రశ్న. కోర్టులు తెలుగు అనువాదాలతో పాటు, ఇది కక్షిదారు అర్థం చేసుకోవడానికి మాత్రమేనని, ఇంగ్లిషు ప్రతే ప్రామాణికమని స్పష్టంగా చెబుతున్నాయి. హైకోర్టుల వ్యవహారాలకు, చట్టాల ప్రామాణిక పాఠానికి ఇంగ్లిషును నిర్దేశించే రాజ్యాంగ 348వ అధికరణం ఉన్నంతకాలం ఆ జాగ్రత్త తప్పదు. కార్యనిర్వాహక ఉత్తర్వుల విషయంలో మీకు అంత సంకెళ్లు లేవు. ఒక పథకం మార్గదర్శకాలను తెలుగులో జారీ చేసి, ఇదీ ప్రామాణిక ప్రతేనని ప్రకటించడానికి అడ్డేమీ లేదు. కేంద్ర చట్టాల ప్రాంతీయ భాషా ప్రతులకు ప్రామాణికత ఇవ్వడానికి 1973లోనే ప్రత్యేక చట్టం ఉంది. తెలుగు ప్రతికి చట్టబద్ధమైన విలువ ఎంతో ప్రతి పత్రం పైనే రాయండి. మనిషి అనువదించారా, యంత్రం అనువదిస్తే ఏ హోదా అధికారి సరిచూశారో అదీ రాయండి. చదివేవాడికి దేన్ని ఎంత నమ్మాలో తెలియాలి.

ఇంకొక్క చిన్న విషయం. కాపీరైటు చట్టం, 1957 ప్రకారం ప్రభుత్వ ప్రచురణల మీద హక్కు ప్రభుత్వానిదే అయినా, అధికార గెజెట్‌లో అచ్చయిన విషయాన్ని (చట్టాల పాఠానికైతే వ్యాఖ్యానమో, సొంత రచనో జతచేయాలన్న షరతుతో) పునర్ముద్రించడం ఉల్లంఘన కాదని 52వ సెక్షన్ చెబుతోంది. అయినా సర్క్యులర్లను, మార్గదర్శకాలను ఆన్‌లైన్ ఉచిత గ్రంథాలయమైన తెలుగు వికీసోర్స్ వంటి చోట్ల పెట్టాలంటే స్వచ్ఛంద కార్యకర్తలు సందేహిస్తున్నారు. తెలుగు ప్రభుత్వ పత్రాలను ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోవచ్చని ఒక్క పంక్తి ఉత్తర్వు ఇస్తే ఆ సందేహం తీరిపోతుంది.

పాత పత్రాల గుట్టను చూసి జంకాల్సిన పని లేదు. ముందు ఒక తేదీ పెట్టుకొని, ఆ రోజు నుంచి వెలువడే ప్రతి తెలుగు ఉత్తర్వు, గెజెట్ యూనికోడ్ టెక్స్ట్‌గా, డిజిటల్ సంతకంతో రావాలని ఆదేశించండి. ముద్రణకు, ఈ-ఆఫీసుకు మీరిచ్చే కాంట్రాక్టుల్లో అది షరతుగా ఉండాలి. పాతవాటిలో అమల్లో ఉన్నవాటిని ముందు తీసుకోండి: భూమి, పింఛను, పంచాయతీ, కార్మిక, సర్వీసు నియమాలు. అను ఫైళ్లు ఇంకా మీ కంప్యూటర్లలో ఉంటే వాటిని యూనికోడ్‌లోకి మార్చే పరికరాలు ఉన్నాయి. మార్చాక మనిషి ఒకసారి సరిచూస్తే చాలు. స్కాన్ మాత్రమే మిగిలినవాటికి ఓసీఆర్ చేసి, సర్వే నంబర్లు, తేదీలు, మొత్తాలు ఉన్నచోట తప్పనిసరిగా ఇద్దరు వేర్వేరుగా చూడాలి.

ఈ పనిని రెండు రాష్ట్రాలూ విడివిడిగా చేయడం వృథా. 2014 జూన్ 2కు ముందు వెలువడిన చట్టాలు, నియమాలు ఇద్దరికీ ఉమ్మడి వారసత్వం. ఈనాటికీ రెండుచోట్లా వాటిలో చాలావాటి మీదే పాలన నడుస్తోంది. వాటిని ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడి వరకు టెక్స్ట్‌గా మారుస్తారో మీ ఇద్దరి న్యాయ శాఖలు, ఐటీ శాఖలు, అధికార భాషా సంఘాలు కూర్చుని పంచుకోవచ్చు. నీళ్ల మీద, ఆస్తుల మీద మన మధ్య ఎన్ని తగవులున్నా ఈ పంపకంలో ఎవరి వాటా ఎవరూ కోల్పోరు. ఆ పనికి ఏ శాఖను బాధ్యురాలిని చేస్తారో, కొత్త ఉత్తర్వులకు ఏ తేదీని నిర్ణయిస్తారో బహిరంగంగా ప్రకటించాలని రెండు ప్రభుత్వాలనూ కోరుతున్నాను.

భవదీయుడు,
సమాచార హక్కు దరఖాస్తులు రాసిపెట్టే ఒక తెలుగు పౌరుడు